ఉగ్గుగిన్నె లెక్క

గట్టు కట్టిన 63వ సంవత్సరం, ఆగస్టు 1

ఉదయం ఆరు గంటలకు గోడ గడియారం చూస్తూ పది నిమిషాలు లెక్కపెట్టాను. కుడి పిక్క అదురు 33. ఎడమ బొటనవేలు 19. ఎడమ కనురెప్ప 7. ఆడవాళ్ళకు ఎడమ కన్ను అదిరితే శుభమని పక్కింటావిడ అంటుంది. ఆమె లెక్క ప్రకారం నాకు పది నిమిషాలకు ఏడు శుభాలు.

కుడి చేతి వణుకును అంకెలో రాయలేను. అది ఆగి మళ్ళీ మొదలైతే కదా లెక్కపెట్టడానికి.

వణుకు వేరు, అదురు వేరు. వణుకు చెయ్యి ఏదైనా పట్టుకున్నప్పుడు వస్తుంది, పదిమందికీ కనిపిస్తుంది. అదురు కండ ఊరికే ఉన్నప్పుడు చర్మం కింద నుంచి వస్తుంది, ఎవరికీ కనిపించదు. నాకు రెండూ ఉన్నాయి. వీటితోపాటు పాదాలకు మంట ఉంది, స్పర్శ లేదు. ఈ రెండూ ఒకే పాదంలో ఎలా ఉంటాయని డాక్టరును అడిగాను. నరం చచ్చేముందు అలాగే చేస్తుందన్నాడు.

కుడి కాలి చెప్పు మళ్ళీ జారిపోయింది. మంచినీళ్ళ వరుసలో నిలబడ్డాక గాని చూసుకోలేదు. వెనక నుంచి మరిడయ్య కేకేశాడు.

"అమ్మగోరూ, మీ సెప్పు నా కాడ ఆగిపోనాది. నాను వొంగి తియ్యలేను, నా సేతులు సూశారు గదా. మీరే రావాలి."

వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు. వెనక్కి వెళ్ళి తొడుక్కున్నాను. అతని రెండు చేతులూ ఛాతీకి ఆనించి కట్టుకున్న గుడ్డలో ఉన్నాయి. లేకపోతే పక్కవాళ్ళకు తగులుతాయి. గట్టు పని చేసినవాడు. వయసు నలభై రెండు.

ఆగస్టు 3

ఉదయం: పిక్క 31, బొటనవేలు 22, రెప్ప 5.

పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. ఒకసారి వేశాను, రెండోసారి చెయ్యే వేసింది. తరళ ఒక ముద్ద తిని మజ్జిగ పోసుకుంది. తిండికి వంకపెట్టకూడదని నేర్పింది నేనే.

తరళ నా కూతురి కూతురు. తల్లి గట్టు తెగిన ఏడు పోయింది. అప్పటి నుంచి ఈ ఒక్క గదిలో మేమిద్దరమే. దానికి ఇరవై మూడేళ్ళు. నాలుగేళ్ళుగా సముద్రపు గట్టు పనిలో ఉంది. మోచెయ్యి నుంచి మణికట్టు దాకా తొడుగు వేసుకుని బల్ల ముందు కూర్చుంటుంది. అది చెయ్యి కదిపినట్టల్లా నీళ్ళ అడుగున యంత్రం మట్టి పరిచి గట్టుకు అదుముతుంది. చెయ్యి జారితే గట్టు జారుతుంది. అందుకే చేతులకు పరీక్ష.

ఇప్పటిదాకా దానిది పైతొడుగు. పని దిగాక విప్పేస్తారు. ఈ నెల 29న దానికి కుట్టు పరీక్ష. నెగ్గితే తొడుగులోని తీగలను నరానికే కుట్టేస్తారు. ఆ తరవాత విప్పడం ఉండదు. ఇరవై నాలుగు దాటిన నరం కుట్టుకు లొంగదు, తప్పినవాళ్ళకు రెండో పరీక్ష ఉండదు. కుట్టువాళ్ళు గట్టు మీద నడుస్తుంటే జనం లేచి దారి ఇస్తారు. తరళ పదేళ్ళప్పటి నుంచి ఆ నడక కోసమే చూస్తోంది.

పరీక్ష చిన్నది. రెండువందల మిల్లీలీటర్ల స్టీలు గ్లాసును అంచు దాకా నింపుతారు. దాన్ని పళ్ళెంలో పెట్టుకుని ఇరవై ఒక్క అడుగులు నడిచి, తిరిగి రావాలి. పళ్ళెంలో ఒలికిన నీళ్ళు పది మిల్లీలీటర్లు దాటకూడదు. నింపేది అభ్యర్థి ఇంటి పెద్ద. పూర్వం పెద్దలు కావాలని కాస్త ఒలకబోసి గ్లాసు వెలితిగా ఉంచేవారు. అది ఆపడానికి నేను తొమ్మిదో నియమం రాశాను. నింపేటప్పుడు ఒలికినా, నడిచేటప్పుడు ఒలికినా అభ్యర్థి లెక్కలోకే వస్తుంది.

ఇరవై ఒక్క ఏళ్ళు ఆ పరీక్షాధికారిని నేను. ఒక్క అంకె తప్పు రాయలేదు. ప్రతి ఉదయం తొడుగులు పంచేముందు ఒక్కొక్కటీ నా చేతికి మూడు నిమిషాలు తొడుక్కుని సరిచూశాను. చూడమని ఎవరూ చెప్పలేదు. చూడకుండా సంతకం పెట్టడం నాకు చేతకాదు. ఆ మూడేసి నిమిషాలే ఇప్పుడు పిక్కలో, బొటనవేలిలో తిరుగుతున్నాయి.

ఆగస్టు 6

మధ్యాహ్నం మూడు గంటలకు తరళ పని దిగి వచ్చి, చాప మీద అలాగే నిద్రపోయింది. బియ్యం ఏరుతూ దాని చేతి వైపు చూశాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ మీద ఈగ వాలిందనుకున్నాను. విసనకర్రతో తోలాను. ఈగ లేదు.

నాకు కంటిచూపు మీద నమ్మకం లేదు, కొలత కావాలి. పెట్టె తీసి దాని ఉగ్గుగిన్నె వెతికాను. ఇరవై మూడేళ్ళ కింద ఆ గిన్నెతోనే దానికి ఉగ్గు పోశాను. సగం నీళ్ళు పోసి, ముంజేతి మీద నిలబెట్టాను. తరళ కదల్లేదు. నీళ్ళు కదిలాయి. గిన్నె అంచు నుంచి మధ్యకు వలయం వచ్చి ఆగుతుంది. కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ వస్తుంది.

పది నిమిషాల్లో 41.

అది లేచేలోపల అదే గిన్నె నా ఎడమ చేతి మీద పెట్టుకుని చూశాను. 58.

నాకు అరవై ఎనిమిదేళ్ళు.

ఆగస్టు 7

మళ్ళీ కొలిచాను. 43. నిన్నటిది పొరపాటు కాదు.

నిద్ర లేచాక నిండు గ్లాసు ఇచ్చి, వరండా చివరి దాకా నడవమన్నాను. పరీక్షకు సాధన అనుకుని నడిచింది. ఒలుకు సున్న. ఆ చేతిలో ఒక్క కదలిక లేదు. మనిషి మేలుకొని, గ్లాసు మీద ధ్యాస పెడితే చెయ్యి మాట వింటుంది. నాలుగేళ్ళ వయసు నుంచీ వినేటట్టు చేశాను. నిండు గ్లాసుతో మెట్లు ఎక్కించేదాన్ని. ఒలికితే కింది మెట్టు నుంచి మళ్ళీ. ఏడుస్తూ కూడా ఒలకకుండా ఎక్కేది.

పెట్టెలో నా పాత రిజిస్టర్ల నకళ్ళు ఉన్నాయి. ఇరవై ఒక్క ఏళ్ళ ఫిర్యాదుల పేజీలు తిరగేశాను. కాగితం తిప్పడానికి వేళ్ళకు స్పర్శ లేక, నాలుగైదు పేజీలు ఒకేసారి వెళ్ళిపోతుంటే పెన్సిలు రబ్బరుతో తిప్పాను. 'ఖాళీగా ఉన్నప్పుడు కండ అదురుతోంది' అన్న అర్థం వచ్చే ఫిర్యాదులు 47. అన్నింటి కిందా నా చేతిరాతలో ఒకే మాట, 'వర్తించదు'.

పదిహేడేళ్ళ కిందటిది ఒకటి ఉంది. ఫిర్యాదుదారు మరిడయ్య. "మేలుకొని ఉంటే నా మాట వింటోంది, పడుకుంటే వినడం లేదు." మాట మార్చకుండా అలాగే రాసుకున్నాను. దాని కింద: 'ఒలుకు 2 మి.లీ. వర్తించదు.'

ఆగస్టు 9

తరళకు చెప్పాను. గిన్నె చూపించాను, అంకెలు చెప్పాను. చేతులు తుడుచుకుంటూ విన్నది.

"ఓహో, చేపా?" అంది.

"చేపేమిటి?"

"మేం అలా అంటాం అమ్మమ్మా. చర్మం కింద తిరుగుతుంది కదా, చేప ఎక్కింది అంటాం. అందరికీ ఉంటుంది. ఉయ్యూరు పిల్ల ఒకతి ఉంది మా వరుసలో, దానికి బుగ్గ మీద ఎక్కింది. నవ్వకుండానే నవ్వినట్టుంటుంది."

ఇరవై ఒక్క ఏళ్ళు ఆ గట్టు మీద పనిచేశాను. ఆ మాట నా చెవిన పడలేదు. నా ముందు ఎవరూ అనలేదన్న మాట.

"పరీక్షకు వెళ్ళకు," అన్నాను.

"ఎందుకు?"

"పైతొడుగు విప్పేస్తే నరం కోలుకోవచ్చు. కుట్టాక కోలుకోదు. మరిడయ్యను చూడు."

"మరిడయ్య తాగుతాడు."

"మొదట అదిరింది, తరవాత తాగాడు. తాగితే కాసేపు వణుకు తగ్గుతుంది. తేదీలు నా దగ్గర ఉన్నాయి."

"నీ దగ్గర అన్నిటికీ తేదీలుంటాయిలే." చాప చుట్టి గోడకు ఆనించింది. "ఎవరూ కుట్టించుకోకపోతే గట్టు ఎవరు చూస్తారు? నీళ్ళు నిన్ను చూసి భయపడి ఆగుతాయా?"

"అయితే పరీక్షలో ఒలికించు. పదకొండు చాలు."

అది నా వైపు చూసిన చూపును నేను ఏ పట్టికలోనూ రాయలేను.

"చిన్నప్పుడు గ్లాసు ఒలికిందని సాయంత్రం దాకా మెట్లు ఎక్కించావు. కాళ్ళు బొబ్బలెక్కాయి. ఇప్పుడు ఒలకమంటావా? నాకు రాదు అమ్మమ్మా. నువ్వు నేర్పలేదు."

ఆగస్టు 11

ఉదయం: పిక్క 38, బొటనవేలు 20, రెప్ప 9. నిద్ర చాలనప్పుడు పెరుగుతుంది.

గట్టు కార్యాలయానికి వెళ్ళాను. ఇప్పటి పరీక్షాధికారి జోగారావు నా దగ్గర పద్నాలుగేళ్ళు సహాయకుడు. లేచి నిలబడ్డాడు.

"మేడమ్ గారూ, కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణి గదండీ. కాఫీ తెప్పించనా?" నా చేతులు చూసి, "సగం గ్లాసు," అని బయటికి చెప్పాడు.

గిన్నె బల్ల మీద పెట్టి, అంకెలున్న కాగితం ఇచ్చాను. చివరిదాకా చదివాడు. చదవకుండా తల ఊపడం నా దగ్గర పనిచేసినవాళ్ళకు రాదు.

"కొలత బాగుందండీ," అన్నాడు. "కానీ పడుకున్న చెయ్యి గట్టు కట్టదు గదా. మేలుకున్నదే కడుతుంది. ఈ మాట మీరే నాకు చెప్పారు."

"తప్పు చెప్పాను."

"అయ్యుండచ్చు. ఈ గిన్నె పెడితే నూట ఎనభైమందిలో ఎంతమంది మిగుల్తారండీ? అవతల నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో మీకు తెలియంది కాదు."

"ఇరవై మూడు అడుగులు."

"ఇరవై నాలుగున్నర. మీరు దిగిపోయాక పెరిగింది." గోడ వైపు చూశాడు. అక్కడ అద్దం చట్రంలో నా నియమాలు ఉన్నాయి. పద్నాలుగో నియమం: ఒలకని చెయ్యి ఆరోగ్యమైన చెయ్యిగానే లెక్క. కింద నా సంతకం, వంకర లేకుండా. "మార్చాలంటే సంఘం మార్చాలి. సంఘం మార్చదు. తరళ పేరు నేను తీసెయ్యలేను. అలా తీస్తే మీరే నన్ను ఉద్యోగంలోంచి తీసేసి ఉండేవారు."

నిజమే. తీసేసి ఉండేదాన్ని.

కాఫీ సగంలో సగం బల్ల మీద పడింది. అతను తన జేబురుమాలుతో తుడిచాడు.

ఆగస్టు 13

మరిడయ్య ఇంటికి వెళ్ళాను. గడప దాటడం ఇదే మొదలు.

"ఏటండీ, సెప్పు మళ్ళీ పోనాదా?" అన్నాడు.

గిన్నె చూపించి, విషయం చెప్పాను. భార్య అతని చేతుల గుడ్డ విప్పి, ఒక చెయ్యి మోకాలి మీద అదిమి పట్టుకుంది. అప్పటికీ గిన్నె నిలవలేదు. పిక్క మీద పెట్టి లెక్కించాను. పది నిమిషాలకు 204. అతను ఆ పది నిమిషాలూ కన్ను ఆర్పకుండా నీళ్ళనే చూశాడు.

"రాసుకున్నారా?"

"రాసుకున్నాను."

"పదిహేడేళ్ళకి."

"అవును."

"మా అమ్మ మీకు గేపకం ఉందా, అమ్మగోరూ?"

ఉంది. పంతొమ్మిదేళ్ళ కిందట ఆమె, అప్పలనరసమ్మ, కొడుకు గ్లాసు నింపడానికి వచ్చింది. పదిహేను మిల్లీలీటర్లు ఒలకబోసింది. కొడుకు తప్పిపోవలసిందే. కానీ ఆమె మోచెయ్యి నాకు కనిపించింది. వణికే మనిషి మోచెయ్యి పక్కటెముకను వెతుక్కుంటుంది, ఆసరా కోసం. ఆమెది బయటికి తెరుచుకుంది. కావాలని ఒలకబోసిందని అప్పుడే పట్టుకున్నాను. నియమం ప్రకారం రిజిస్టరులో 'ఉద్దేశపూర్వకం' అని రాసి, వేరే పెద్దచేత నింపించి, మళ్ళీ నడిపించాను. మరిడయ్య నెగ్గాడు. సాయంత్రం అతనికి కుట్టు పడింది. గ్లాసు చూడకు, మోచెయ్యి చూడు అని ఆ రోజే జోగారావుకు పాఠం చెప్పాను.

"మా నాన్న సేతులు సూసింది గదండీ అది. అందుకే ఒలకబోసినాది," అన్నాడు మరిడయ్య. "నాకు తెల్దు అప్పుడు. దాన్ని తిట్టినాను. మీకు దణ్ణం పెట్టినాను."

భార్య గుడ్డ మళ్ళీ కట్టింది. చెప్పు ఉందో లేదో చూసుకుని బయటికి వచ్చాను.

ఆగస్టు 15

"గ్లాసు పక్కింటి పిన్నిగారు నింపుతారు," అంది తరళ. "ఇంటి పెద్దకు చెయ్యి బాగాలేకపోతే ఇరుగుపొరుగు నింపవచ్చు. నువ్వు రాసిందే."

"నేను నింపుతాను."

"నీ కాఫీ నువ్వే నింపుకోలేవు."

"పది రోజులు చూడు. అప్పటికీ ఒలుకు ఎనిమిది దాటితే ఆవిడనే పిలు."

సాధన మొదలుపెట్టాను. చెంబుతో గ్లాసులోకి, కింద పళ్ళెం. ఈ రోజు ఒలుకు: 37, 41, 36.

ఆగస్టు 18

మోచెయ్యి పక్కటెముకకు ఆనించాలి. సగం ఊపిరి వదిలి, బిగబట్టి, ఆ ఖాళీలో పొయ్యాలి. ఇరవై ఒక్క ఏళ్ళు ఎదుటివాళ్ళు చేస్తుంటే చూసినదే. 22, 19, 24.

పాదాల మంటకు తడిగుడ్డ. చన్నీళ్ళో వేణ్ణీళ్ళో కాలికి తెలియదు, ముందు మోచేత్తో చూసి ముంచుకోవాలి.

ఆగస్టు 22

14, 11, 15. మణికట్టుకు చేపలవాళ్ళ సీసం గుండ్లు గుడ్డలో చుట్టి కట్టుకున్నాను. బరువుంటే వణుకు కాస్త అణుగుతుంది. 9, 8, 9.

తరళ మధ్యాహ్నం లెక్క 46.

ఆగస్టు 26

6, 4, 6. పరీక్షలో సీసం అనుమతించరు. విప్పేసి చేశాను. 7, 6, 5.

తరళ పక్కన కూర్చుని పళ్ళెంలో నీళ్ళు కొలత గొట్టంలోకి వంపి చూసింది. నేను చెప్పిన అంకె నమ్మకుండా తానే చూసింది. బాగా పెంచాననుకున్నాను.

"అయిదు," అంది. చాలా రోజులకు నవ్వింది. "నువ్వు పంతం పడితే ఆ సముద్రం కూడా వెనక్కి పోతుంది అమ్మమ్మా. సరే, నువ్వే నింపు."

ఈ సాధన నేను ఎందుకు చేశానో అది అడగలేదు. నా పుస్తకాలు కూడా ముట్టదు. ముట్టకూడదని నేర్పాను.

ఆగస్టు 29

ఉదయం: పిక్క 40, బొటనవేలు 27, రెప్ప 11.

పరీక్ష పది గంటలకు. తరళ తెల్ల చీర కట్టుకుంది. వరండాలో జనం. మరిడయ్య స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. జోగారావు గ్లాసునూ పళ్ళేన్నీ తుడిచి, ఖాళీవని అందరికీ చూపించాడు. చెంబు నా చేతికి ఇచ్చి, గ్లాసు వదిలేసి, నా మోచెయ్యి వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను నేర్పిన పాఠం మరిచిపోలేదు.

మోచెయ్యి పక్కటెముకకు ఆనించాను. చివరిదాకా అక్కడి నుంచి కదల్చలేదు. సగం ఊపిరి వదిలి బిగబట్టాను. నీళ్ళు సన్నని ధారగా గ్లాసులోకి దిగాయి. ముప్పావు నిండింది. పళ్ళెంలో ఒక్క చుక్క లేదు. తరళ నా ముఖంలోకి చూస్తోంది, చేతి వైపు కాదు.

అప్పుడు ఊపిరి పీల్చాను.

అంతే చేశాను. మిగతాదంతా చెయ్యే చేసింది. చెంబు మూతి గ్లాసు అంచుకు కొట్టుకున్న చప్పుడు వరండా చివరి దాకా వినిపించి ఉంటుంది. నేను మళ్ళీ బిగబట్టలేదు. ఆగకుండా, మామూలుగా, మనిషి పీల్చినట్టు పీలుస్తూ అంచు దాకా నింపాను.

పళ్ళెంలో నీళ్ళు ఒంపి కొలిచారు. 34.

నియమం ప్రకారం అయినా నడవాలి. తరళ గ్లాసు తీసుకుంది. అందరికీ తెలుసు, దానికీ తెలుసు. ఇరవై ఒక్క అడుగులు వెళ్ళి, తిరిగి వచ్చింది. ఒలుకు సున్న. అంత బాగా నడిచిన మనిషిని నేను ఇరవై ఒక్క ఏళ్ళలో చూడలేదు.

జోగారావు రిజిస్టరు నా ముందు పెట్టాడు. పరీక్షాధికారి కంటికి తప్పు కనిపించకపోతే నింపినవారి చేతి ఒలుకుకు కారణం నింపినవారే రాయాలి. సహజం, లేదా ఉద్దేశపూర్వకం. రెండోది రాస్తే వేరే పెద్దచేత నింపించి, మళ్ళీ నడిపిస్తారు.

"తప్పదు మేడమ్ గారూ," అన్నాడు. "కావాలని చెయ్యలేదు గదా? నా కంటికి మోచెయ్యి సరిగ్గానే ఉంది. అయినా అడగాలి."

"సహజం," అన్నాను. రాశాను. సంతకం పెట్టాను. అక్షరాలు వంకరగా వచ్చాయి. అది చూసి అతను రిజిస్టరు మూశాడు. వర్ధనమ్మ రిజిస్టరులో అబద్ధం రాయదని ఆ గట్టు మీద అందరికీ తెలుసు.

ఊపిరి పీల్చడం సహజమే కదా అని ఇక్కడ నన్ను నేను సమర్థించుకోను. బిగబట్టగలను, బిగబట్టలేదు. అది అబద్ధం. నా రాతలో మొదటిది.

బయటికి వస్తుంటే మరిడయ్య దారి ఇచ్చాడు. అందరూ కుట్టువాళ్ళకు ఇచ్చినట్టు, ఒక అడుగు వెనక్కి వేసి.

"మా అమ్మకి ఊపిరి సంగతి తెల్దండీ," అన్నాడు, నాకొక్కదానికే వినపడేలా.

ఆగస్టు 30

తరళ పైతొడుగు తిరిగి ఇచ్చేసి వచ్చింది. తప్పినవాళ్ళకు గట్టు మీద పని లేదు. మంచినీళ్ళ కొట్టులో చీటీలు రాసే పని ఇచ్చారట.

మధ్యాహ్నం అన్నం వడ్డించుకుంటూ, నా వైపు చూడకుండా అంది.

"పిన్నిగారు నింపి ఉంటే అయిపోయేది. నీ పంతం. నీ చెయ్యి పనికిరాదని ఒక్కసారి ఒప్పుకుని ఉంటే చాలు. ఒప్పుకోలేవు. అందరి చేతులకూ లెక్క కట్టావు, నీ చేతికి కట్టుకోలేకపోయావు."

"అవును," అన్నాను.

"అవునట."

నా కంచంలో అన్నం కలిపి, చెంచా పెట్టి, ముందుకు తోసింది. చెంచాతో తింటే తక్కువ పడుతుంది. గ్లాసులో నీళ్ళు సగమే పోసింది. ఇకనుంచి అన్నీ సగమే పోస్తుంది కాబోలు.

సెప్టెంబరు 12

మధ్యాహ్నం కొలతలు, తరళ నిద్రపోయాక: 2వ తేదీ 44, 4న 45, 7న 39, 9న 36, ఈ రోజు 33.

తగ్గుతోంది. దానికి చెప్పడానికి లేదు. చెప్తే గిన్నె సంగతి వస్తుంది, గిన్నె సంగతి వస్తే మిగతాది వస్తుంది. ఇరవై నాలుగు నిండడానికి దానికి ఇంకా అయిదు నెలలు. ఈ అయిదు నెలల్లో నిజం బయటపడితే జోగారావు మళ్ళీ నడిపించవలసిందే. కాబట్టి చెయ్యి పనికిరాని ముసలిదాన్నిగానే ఉండాలి. అది కష్టం కాదు. సగం నిజమే.

నాకు: పిక్క 44, బొటనవేలు 31. నా తొడుగు విప్పి ఆరేళ్ళయింది. నాకు తగ్గదు.

సెప్టెంబరు 18

14న 33, 16న 28, ఈ రోజు 29. వేలు పట్టి లాగినా తరళ లేవదు, అంత నిద్ర. ఆ వయసులో కుట్టువాళ్ళు అలా నిద్రపోరు. రిజిస్టరులో 'నిద్రలేమి' అన్న ఫిర్యాదులు కూడా ఉన్నాయి. అవీ వర్తించలేదు.

సెప్టెంబరు 20

మధ్యాహ్నం తరళ కొట్టులో ఉండగా ఒకావిడ వచ్చింది. రెండో మెట్టు వీధిలో ఉండే పైడితల్లి. చేతిలో సున్నుండల డబ్బా.

"మా కాంచన పేరొచ్చిందమ్మగారూ. తరళమ్మ చోటు మా పిల్లకిచ్చారు. మొన్న నడిచింది, ఒక్క సుక్క ఒలకలేదు. సోమారం కుట్టు." డబ్బా నా ఒళ్ళో పెట్టింది. "మీ మనసు కష్టమని తెలుసు. అయినా సెప్పకుండా ఎలా ఉంటాను? అంతా మీ సేతి సలవ."

గట్టుకు నూట ఎనభై చేతులు కావాలి. ఒకటి తీస్తే ఇంకొకటి పెడతారు. ఇది నాకు తెలియనిది కాదు. 29న చెంబు పట్టుకున్నప్పుడు కూడా తెలుసు. తెలిసి, ఒక్క చెయ్యి గురించే ఆలోచించాను. ఈ వాక్యం రాయడానికి మూడుసార్లు పెన్సిలు జారింది.

"అమ్మాయికి ఎన్నేళ్ళు?"

"ఇరవై రెండండి."

"మధ్యాహ్నం నిద్రపోతుందా?"

"రాయిలా పడుకుంటాది. ఏం, ఎందుకండీ?"

లేచి పెట్టె తీసి ఉగ్గుగిన్నె తెచ్చాను. ఆవిడ చేతిలో పెట్టాను. సగం నీళ్ళు పోసి నిద్రపోయే చేతి మీద నిలబెట్టమన్నాను. నీళ్ళలో వలయం వచ్చినప్పుడల్లా ఒకటి లెక్కించమన్నాను. పది నిమిషాలు. గడియారం చూసి.

పైడితల్లి గిన్నెను తిప్పి తిప్పి చూసి నవ్వింది.

"మా పిల్ల ఉగ్గు తాగే వయసా అమ్మగారూ? ఏదో దిష్టికా?"

"దిష్టికి కాదు. సోమవారం లోపల చూడు. పన్నెండు దాటితే నా దగ్గరికి రా. మోచెయ్యి ఎక్కడ ఆనించాలో, ఊపిరి ఎప్పుడు వదలాలో చెప్తాను."

"పరీక్ష అయిపోయింది గదండీ."

"కుట్టు పడేలోపల ఇంటి పెద్ద అడిగితే మళ్ళీ పెట్టాలి. దానికి నియమం ఉంది. నాలుగోది. నేనే రాశాను."

నవ్వు పోయింది. నా చేతులు చూసింది, తరవాత గిన్నె చూసింది. 29న ఆవిడ వరండాలో ఉందో లేదో నాకు గుర్తు లేదు. గిన్నె కొంగులో ముడి వేసుకుని వెళ్ళిపోయింది. సున్నుండల డబ్బా తిరిగి తీసుకువెళ్ళడం మరిచిపోయింది.

నాలుగు గంటలకు తరళ వచ్చి చాప పరుచుకుంది.

ఈ రోజు లెక్క: లేదు. గిన్నె ఇంట్లో లేదు.